చీకటి పడ్డాక తెరిచే వ్యాయామ మైదానం

పోర్ట్ బ్లెయిర్ పక్కన డాలీగంజ్‌లో మా ఇంటి వరుస చివర, పెద్దవాళ్ళ ఆరోగ్యం కోసం ప్రభుత్వం ఒక వ్యాయామ మైదానం కట్టించింది. పిల్లల కోసం కాదు, అచ్చంగా పెద్దవాళ్ళ కోసమే. నలభై దాటినవాళ్ళు కూర్చున్నచోటే కూర్చుని షుగరూ బీపీ తెచ్చుకుంటున్నారనీ, వాళ్ళని కాస్త కదిలించాలనీ పైన ఎవరికో తోచిందట. నడవడానికి సిమెంటు పలకల బాట వేశారు. మధ్యలో ఆకుపచ్చ, పసుపు రంగుల ఇనప యంత్రాలు పాతారు. చుట్టూ నా భుజమంత ఎత్తున జాలీ కంచె, కంచెకి ఒక గేటు, గేటుకి తాళం, తాళానికి ఒక చౌకీదారు. వీటన్నిటిలో మొదటి రోజు నుంచీ లోపం లేకుండా పనిచేసింది తాళం ఒక్కటే.

గేటు పక్కన బోర్డు పెట్టారు. ఉదయం ఆరు నుంచి ఎనిమిది, సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది.

ఇందులో తప్పేముందని మెయిన్‌లాండ్‌లో ఉన్నవాళ్ళు అడుగుతారు. వాళ్ళ కోసం చెబుతున్నాను. దేశమంతటికీ గడియారం ఒకటే. సూర్యుడు మాత్రం మా దీవులకి ముందొచ్చి ముందే వెళ్ళిపోతాడు. పొద్దున ఐదింటికే ఇక్కడ ఎండ గుమ్మంలో ఉంటుంది. సాయంత్రం ఐదు, ఐదున్నరకల్లా ఇళ్ళల్లో దీపాలు వెలుగుతాయి. ఆరు దాటాక ఎదురొచ్చేది మనిషో ఆవో పోల్చుకోవాలంటే దగ్గే దాకా ఆగాలి. ఆ బోర్డు రాసినవారు తమ ఊరి సాయంకాలాన్ని ఒకదాన్ని యంత్రాలతో పాటు ఓడెక్కించి మాకు పంపించారు. ఉప్పుగాలికి యంత్రాలు ఆరు నెలల్లో తుప్పు పట్టాయి. సాయంకాలం మాత్రం చెక్కు చెదరలేదు.

నాకు వ్యాయామం మీద ప్రత్యేకమైన ప్రేమ ఏమీ లేదు. విజయనగరం పక్క నుంచి ఉద్యోగానికని వచ్చి, ముప్ఫై ఏళ్ళు ఫీనిక్స్ బే జెట్టీ దగ్గర బోటు టికెట్ల కిటికీ వెనక కూర్చుని రిటైరైనవాణ్ణి. ఆ బోర్డుని చూసి, దాని మీద ఒక ఉత్తరం ముక్క రాసి, జవాబు రాకపోతే రెండోది రాసి, అక్కడితో వదిలేసేవాణ్ణేమో. కానీ ఆ ఏడాదే మా ఆవిడకి కుడి భుజం పట్టేసింది.

షుగరు ఉన్నవాళ్ళకి అలా పట్టేస్తుందట. మొదట దండెం మీది బట్టలు అందుకోవడం మానేసింది. తర్వాత తల దువ్వుకోలేకపోయింది. టీచరుగా పనిచేస్తున్న మా అమ్మాయి మాతోనే ఉంటుంది. పొద్దున తన ఇద్దరు పిల్లలతో పాటు తల్లికీ జడ వేసి బడికి వెళ్ళేది. మా ఆవిడ ఎవరితోనూ ఏమీ చెప్పుకునే మనిషి కాదు. వంటింట్లో చారు గిన్నె ఎడమ చేత్తో దించుతుంటే వేళ్ళు కాలాయి. అప్పుడు నేనే ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్ళాను.

అక్కడ ఫిజియోథెరపీ చూసే అమ్మాయి తమిళ పిల్ల. అందరితోనూ మాట్లాడినట్టే మాతోనూ హిందీలో మాట్లాడింది. మా ఆవిడ చేతిని మెల్లగా ఎత్తి చూసింది. రొమ్ము ఎత్తు దాటగానే భుజమంతా కలిసి లేచింది తప్ప చెయ్యి లేవలేదు.

"ఆంటీ, మాత్రలతో ఇది విడవదు. గోడకి చక్రం ఉంటుంది చూడండి, పిడి పట్టుకుని తిప్పేది. అది రోజూ పదిహేను నిమిషాలు తిప్పాలి. పొద్దున్నే వద్దు, కీలు బిగుసుకుని ఉంటుంది. మధ్యాహ్నం వేడి కాపడం పెట్టుకుని, మూడు నాలుగు గంటలప్పుడు చెయ్యండి. ఇప్పుడే మొదలుపెడితే మొత్తం వస్తుంది. ఆలస్యం చేస్తే ఎక్కడ ఆగిందో అక్కడే గట్టిపడిపోతుంది, తర్వాత నేనేం చెయ్యలేను."

"మీ చక్రం ఎక్కడుంది?" అని అడిగాను.

"రిపేరుకి చెన్నై వెళ్ళింది అంకుల్."

"ఎప్పుడొస్తుంది?"

"వెళ్ళిందని మాత్రమే తెలుసు." తర్వాత మా చీటీ మీద చిరునామా చూసి నవ్వింది. "మీది డాలీగంజేగా. మీ దగ్గర కొత్త చక్రం పెట్టారు. అదృష్టవంతులు."

ఆ పిల్ల మంచిది కాబట్టి ఆ మాట నేను మనసులో పెట్టుకోలేదు. గుర్తు మాత్రం ఉంది.

మర్నాడు మూడింటికి, కాపడం పెట్టిన భుజం మీద తువ్వాలు కప్పి, మా ఆవిడని మైదానానికి తీసుకెళ్ళాను. చక్రం కంచె అవతల పది అడుగుల దూరంలో ఎండలో మెరుస్తోంది. గేటుకి తాళం. చౌకీదారు లోపల రేకు నీడలో కూర్చుని ఉన్నాడు. అతనూ మా తెలుగువాడే. తాతల కాలంలో శ్రీకాకుళం తీరం నుంచి వచ్చిన చేపల వేట కుటుంబం; ఇక్కడే పుట్టాడు.

"తాళం తియ్యి బాబూ, పదిహేను నిమిషాలు. ఆవిడ చక్రం తిప్పుకుని వచ్చేస్తుంది. నేను లోపలికి కూడా రాను," అన్నాను.

"బోర్డు సూడండి సాబ్."

"చూశాను. బోర్డు చెప్పే వేళకి చీకటి కదా."

"అంధేరా నేను పెట్టనేదు కదేటి."

"ఆవిడ చెయ్యి చూడు. పైకి లేవడం లేదు."

అతను మా ఆవిడ వైపు తిరిగాడు. "దీదీ, నీకోసమైతే నాకూ తియ్యాలనే ఉంది. నేను కాంట్రాక్టు మనిషిని. నా ముందున్నోడు పది నిమిషాలు ముందు తీసినాడని పంపించేసినారు. ఒకేళ ఆ డర్ లేకపోయినా, ఈ సాబ్ అడిగితే మాత్రం తియ్యను."

"నేనేం చేశాను నిన్ను?" అన్నాను.

"మీకు యాదు ఉండదు. ఇరవై ఏళ్ళ కిందట, రంగత్ ఎల్లే బోటు. మా యమ్మకి తబియత్ బాగులేదని కబురొచ్చింది. కిటికీ కాడికొచ్చేసరికి మీరు రెక్క దించేసినారు. టైం అయిపోయింది, బోర్డు సూడు అన్నారు. మీ వెనకాల గోడ మీద గడియారం నేను సూసినాను. ఇంకా ఒక నిమిషం ఉంది."

"మీ అమ్మకి ఏమైంది?"

"ఏటీ అవలేదు. ఇప్పటికీ ఉంది. అది అలగ్ సంగతి."

నాకు నిజంగానే గుర్తు లేదు. ముప్ఫై ఏళ్ళలో ఆ రెక్క ఎన్నివేల సార్లు దించానో. క్యూ అన్నాక ఆఖరున ఎవరో ఒకరు ఉంటారు. ఆ రోజు అతనున్నాడు. అయితే ఒక నిమిషాన్ని ఇరవై ఏళ్ళు పాడవకుండా దాచుకున్న మనిషి మీద నాకు కోపం రాలేదు. అలాంటివాళ్ళు తక్కువమంది ఉంటారు. మా ఆవిడ మాత్రం ఇంటికొచ్చి, గుమ్మంలో చెప్పులు విడుస్తూ, "ఒక నిమిషం ఇచ్చేస్తే ఏటి పోయేది మీకు," అంది.

సరే, బోర్డు ఎలా చెబితే అలాగే చేద్దామని సాయంత్రం ఆరింటికి వెళ్ళాం. చౌకీదారు సరిగ్గా ఆరింటికి తాళం తీశాడు, మర్యాదగా గేటు పట్టుకుని నిలబడ్డాడు కూడా. లోపల నాలుగు దీపస్తంభాలు ఉన్నాయి. వాటికి దీపాలు లేవు. సన్నగా వాన పడుతోంది. నా ఎడమ చేతిలో గొడుగు, కుడి చేతిలో టార్చి. ఆ వెలుతురులో మా ఆవిడ చక్రం దాకా నడిచి, పిడి మీద చెయ్యి వెయ్యబోయింది. పిడి మీద జానెడు పొడవు కాన్‌ఖజూరా ఉంది. మెయిన్‌లాండ్‌లో మీరు జెర్రి అంటారే, అదే. కాకపోతే ఇక్కడి తిండికి బలిసినది. అదీ వ్యాయామానికే వచ్చినట్టుంది, చక్రం చుట్టూ తిరుగుతోంది. ఆవిడ వెనక్కి అడుగు వేసింది. తడి పలక మీద కాలు జారింది. పడకుండా ఆపుకోవడానికి పక్కనున్న ఇనప కడ్డీని పట్టుకుంది, అదీ కుడి చేత్తో.

ఆవిడ అరవలేదు. ఊపిరి లోపలికి పీల్చుకున్న చప్పుడు మాత్రం వినిపించింది. టార్చి ఆవిడ మొహం మీద వెయ్యడానికి నాకు ధైర్యం చాలలేదు.

రొమ్ము దాకా లేచే చెయ్యి తర్వాత పదిహేను రోజులు నడుము దాకా కూడా లేవలేదు. ఫిజియోథెరపీ అమ్మాయి కోప్పడింది.

"చీకట్లో వెళ్ళమని ఎవరు చెప్పారు మీకు?"

"బోర్డు చెప్పింది," అన్నాను.

ఇంట్లోనే ఒక చక్రం బిగిద్దామని పాత సైకిలు రిమ్ముకి చెక్క పిడి కట్టి వరండా గోడకి మేకులు కొట్టాను. మాది చెక్క గోడల ఇల్లు. మూడో చుట్టుకి రిమ్ము, మేకులు, గోడ పలక, మూడూ కలిసి ఆవిడ చేతిలోకి వచ్చాయి. నేను మేస్త్రీని కాదని ఆవిడకి ముందే తెలుసు. పలక నా చేతికిచ్చింది.

ఇక నాకు తెలిసిన పని మొదలుపెట్టాను. దరఖాస్తు రాశాను. మైదానం సాయంత్రం మూడు నుంచి ఐదు దాకా తెరవాలని, లేకపోతే మా ఇంట్లో ఒక చెయ్యి శాశ్వతంగా పోతుందని రాసి, ఫిజియోథెరపీ చీటీ నకలు జతచేశాను. మైదానం తమదే గానీ వేళలు తమవి కావనీ, వేళలు పథకంతో వచ్చాయనీ ఒక శాఖ జవాబిచ్చింది. పథకం తమదే గానీ గేటు తమది కాదని రెండో శాఖ రాసింది. మూడో ఉత్తరం నాలుగు బల్లలు తిరిగి, తగిన చర్య నిమిత్తం అన్న ముద్రతో మా ఇంటికే వచ్చింది. ఏ చర్య తగినదో నాకే వదిలేశారు.

నేను జెట్టీలో పనిచేసినవాణ్ణి కదా, సముద్రం ఆటుపోట్ల పట్టిక, సూర్యోదయం, సూర్యాస్తమయం వేళలు చూడటం అలవాటు. స్థానిక పత్రికలో రోజూ వేస్తారు. నెల రోజుల సూర్యాస్తమయాలు కత్తిరించి, తెల్లకాగితం మీద వరసగా అంటించి, నాలుగో దరఖాస్తుకి జతచేసి స్వయంగా తీసుకెళ్ళాను. సెక్షన్‌లో ఉన్నాయన ఆ కాగితాన్ని తిప్పి వెనక్కూడా చూశాడు.

"ఇవేమిటి?"

"సూర్యాస్తమయాలు."

"ఎవరు ధ్రువీకరించారు?"

నేను కిటికీలోంచి ఆకాశం వైపు చూపించాను. ఆయన దాన్ని వెటకారంగా తీసుకున్నాడు. కాదని నేనూ అనలేదు. ఐదో దరఖాస్తుకి మాత్రం టైపు చేసిన జవాబు వచ్చింది: పథకం మార్గదర్శకాల ప్రకారం ఉదయ, సాయంకాల వేళలు తు.చ. తప్పకుండా పాటించబడుతున్నవి. అది నిజమే. ఆ వాక్యంలో నేను ఒక్క తప్పు కూడా పట్టలేకపోయాను.

ఈ ఉత్తరాలన్నీ నడుస్తుండగా రెండు నెలలు గడిచిపోయాయి. మా ఆవిడ వంటింటి గోడ మీద వేళ్ళు పాకించి, ఎక్కడిదాకా వెళ్తే అక్కడ పెన్సిలుతో గీత పెట్టేది. ఫిజియోథెరపీ అమ్మాయి చెప్పిన ఇంటి వ్యాయామం అది. పది రోజుల గీతలు ఒకదాని మీద ఒకటి పడి ఒకటే లావు గీతగా తయారయ్యాయి. అది నేను చూడకుండా ముందు పసుపు డబ్బా పెట్టింది. నేను రోజూ డబ్బా జరిపి చూసేవాణ్ణి.

అప్పుడు వచ్చింది ఆరోగ్య వారోత్సవం. కదలండి, నడవండి అన్న బ్యానరు కంచెకి కట్టారు. మా మైదానంలో నడవడానికి పోర్ట్ బ్లెయిర్ ఆఫీసుల నుంచి ఉద్యోగులని బస్సులో తీసుకొచ్చారు. బస్సు గేటుని ఆనుకుని ఆగింది, వాళ్ళు ఎక్కువ నడవక్కర్లేకుండా. ఒక్కొక్కరికి ఒక పొట్లం: సమోసా, లడ్డూ, చక్కెర నీళ్ళ లాంటి జ్యూసు. అందరూ బాట మీద ఒక చుట్టు నడిచారు. రెండో చుట్టు మధ్యలో పొట్లాలు వచ్చాయి గనక షుగరు నివారణ అక్కడితో ఆగింది. అది ఉదయం పది గంటల వేళ. బోర్డు ప్రకారం గేటు మూసి ఉండాలి. ఆ రోజు మార్గదర్శకాలు సెలవు పెట్టాయి.

ఫోటోకి కాలనీ ఆడవాళ్ళు కూడా కావాలని ఒక ఆరోగ్య కార్యకర్త ఇల్లిల్లూ తిరిగి పిలిచింది. మా ఆవిడ చేటంత మొహం చేసుకుని వెళ్ళింది. పది దాటితే కీలు కాస్త వదులవుతుంది కదా, ఈ వంకనైనా చక్రం తిప్పుకోవచ్చని ఆవిడ లెక్క. నేనూ వెనకాలే వెళ్ళాను.

ఆవిడ పిడి పట్టుకుంది. చక్రం పావువంతు తిరిగి ఆగింది. పళ్ళు బిగించి ఇంకొంచెం తిప్పింది.

"దీదీ, చెయ్యి పైకి పెట్టి ఇటు చూడండి," అన్నాడు ఫోటో తీసే అతను.

"అంతవరకే వస్తాది భయ్యా."

"తిప్పక్కర్లేదు. ఊరికే పైన పెట్టండి చాలు, నవ్వండి."

"పైకే కదా రాదు."

అతను శాఖ పెద్దాఫీసరు వైపు చూశాడు. మెయిన్‌లాండ్ నుంచి వచ్చి నాలుగైదు నెలలైన చిన్నవయసు ఆఫీసరు. ఆయన వేలితో పక్కకి జరపమన్నట్టు చిన్న సైగ చేశాడు. ఆరోగ్య కార్యకర్త మా ఆవిడని భుజం పట్టుకుని, అదీ ఆ భుజమే, పక్కకి నడిపించింది. బస్సులో వచ్చిన ఒకావిడని తెచ్చి చక్రం దగ్గర నిలబెట్టారు. ఆవిడ చెయ్యి గాలిపటంలా లేచింది. చక్రం మూడు చుట్లు తిరిగింది. అందరూ చప్పట్లు కొట్టారు. చెయ్యి లేవని మనిషిని తప్పించి, లేచే మనిషి చేత భుజం చక్రం తిప్పించి, దాన్ని ఫోటో తీశారు. మర్నాడు పత్రికలో వచ్చింది. సూర్యాస్తమయం వేళ పక్కనే వేశారు.

నేను ఆఫీసరు దగ్గరికి వెళ్ళాను. ఐదు దరఖాస్తుల సంగతి చెప్పాను.

"రాసివ్వండి, చూస్తాను," అన్నాడాయన హిందీలో.

"ఐదుసార్లు రాసిచ్చాను సర్. ఇక రాయను. సాయంత్రం ఆరింటికి మీరే ఒకసారి రండి."

"తప్పకుండా," అన్నాడు, ఎవరైనా ఎవరితోనైనా అనేటట్టు.

నేను దాన్ని మాటగానే తీసుకున్నాను. మర్నాడు పదింటికి ఆయన ఆఫీసు ముందు కూర్చున్నాను. బయటికొచ్చినప్పుడు నిలబడి, "ఇవాళ ఆరింటికి వస్తారా సర్?" అన్నాను. మీటింగుందన్నాడు. ఆ తర్వాతి రోజు మళ్ళీ కూర్చున్నాను. అలా పదకొండు పని దినాలు. గొంతు పెంచలేదు, ఇంకో మాట అనలేదు. ఐదో రోజుకి ప్యూను నాకు కుర్చీ వేశాడు. ఎనిమిదో రోజుకి ఆఫీసరు వెనక గుమ్మం వాడటం మొదలుపెట్టాడు. వెనక గుమ్మం నుంచి జీపు దాకా నడవాలంటే భవనం చుట్టి రావాలి. ఆ పథకం వల్ల ఒక పెద్దమనిషికి వ్యాయామం కలిగిందంటే అదొక్కటే. పన్నెండో రోజు నన్ను చూడగానే, "పదండి," అన్నాడు.

ఆరింటికి జీపు వచ్చింది. మా ఆవిడ గేటు దగ్గర టార్చి పట్టుకుని నిలబడి ఉంది. చౌకీదారు సరిగ్గా ఆరింటికి తాళం తీసి సలాం చేశాడు. ఆఫీసరు లోపలికి నాలుగడుగులు వేసి ఆగాడు. వెనకాల వచ్చిన గుమాస్తా ఆయనకి తగిలాడు. అక్కడ కప్పలు తప్ప ఎవరూ మాట్లాడటం లేదు.

"లైట్లు ఏవి?"

"స్తంభాలు మన శాఖవి సర్. కరెంటు ఇంకో శాఖది," అన్నాడు గుమాస్తా చీకట్లోంచి.

"చక్రం ఎక్కడ?"

ఎవరూ చెప్పలేదు. నాకు తెలుసు, నేనూ చెప్పలేదు. ఆయన సెల్‌ఫోను వెలుతురులో వెతుక్కుంటూ వెళ్ళి, బాట అంచు దాటి బురదలో కాలు పెట్టాడు. మా ఆవిడ వెళ్ళి ఆయన ముందు టార్చి వేసి పట్టుకుంది. ఎడమ చేత్తో.

"సంభాల్‌కే సాబ్," అంది. "నేను ఇక్కడే జారినాను."

ఆయన ఆవిడని పోల్చుకున్నాడో లేదో నాకు తెలియదు. వెనక్కొచ్చి గేటు దగ్గర బూటు దులుపుకుంటూ, "వేళలు మార్చాలంటే పైకి రాయాలి. జవాబు రావడానికి ఆరు నెలలో ఏడాదో పడుతుంది," అన్నాడు.

"నా చెయ్యి అప్పటిదాకా ఆగదు సాబ్. డాక్టరమ్మ చెప్పింది," అంది మా ఆవిడ.

ఆయన బూటు దులపడం ఆపాడు. తర్వాత గుమాస్తాని అడిగాడు. "వేళలు మార్చకుండా పగలు తెరవాలంటే ఏం దారి?"

గుమాస్తా వెంటనే చెప్పాడు. "శిబిరం పెట్టొచ్చు సర్. ప్రత్యేక శిబిరానికి వేళ మనమే వేసుకోవచ్చు. నెలకి మించకూడదు, అంతే."

నేను సూర్యాస్తమయాల కాగితం ఇచ్చిన బల్ల వెనక కూర్చునేది ఈ గుమాస్తాయే. దారి అతనికి మొదటి రోజు నుంచీ తెలుసు. నేనెప్పుడూ అడగలేదట. నేనడిగింది గేటు తెరవమని. శిబిరం పెట్టమని కాదు.

అలా స్త్రీల భుజాలు, మోకాళ్ళ ప్రత్యేక ఆరోగ్య శిబిరం మొదలైంది. రోజూ మూడు నుంచి నాలుగు. ఆఫీసరు ఫోటోతో పెద్ద బ్యానరు వచ్చింది. దాన్ని కట్టడానికి అనువైన చోటు చక్రమే అని తోచి దానికే కట్టారు. మొదటి రోజు శిబిరం సగం బ్యానరు విప్పడంలో గడిచింది. స్త్రీల శిబిరం కనక నన్ను లోపలికి రానివ్వలేదు. రెండు నెలలు కాళ్ళరిగేలా తిరిగినవాడు కంచె బయట, ఎండలో నిలబడాలి. ఇది కూడా నిబంధనే.

మొదటి వారం మా ఆవిడతో కలిపి నలుగురు వచ్చారు. నెలాఖరుకి పద్దెనిమిది మంది అయ్యారు. మోకాళ్ళు పట్టేసినవాళ్ళు, నడుం వంగనివాళ్ళు, ఏమీ లేకపోయినా ఇల్లు కదలాలని వచ్చినవాళ్ళు. తెలుగు, బెంగాలీ, తమిళ, రాంచీ వాళ్ళు. అందరి మాటా హిందీలోనే కలిసేది. ఒకామె నైటీ మీద భర్త చొక్కా వేసుకుని వచ్చేది. చౌకీదారు మూడింటికి నిమిషం అటూఇటూ కాకుండా తాళం తీసేవాడు. మా ఆవిడ చక్రం పావువంతు, ఆనక సగం, ఒక రోజు ముప్పావు తిరిగింది. ఆ రోజు లోపల ఆడవాళ్ళు ఎంత గోల చేశారంటే ఏమైందోనని నేను కంచె మీదుగా సగం దాకా వంగి చూడాల్సి వచ్చింది.

శిబిరం నెలకొకసారి ముగిసేది, మళ్ళీ కొత్త ఉత్తర్వు రావాలి. రెండోది వచ్చింది. మూడోది వచ్చింది. మూడో నెల చివర ఫిజియోథెరపీ అమ్మాయి దగ్గరికి వెళ్ళాం. ఆ పిల్ల మా ఆవిడ చెయ్యి పట్టి లేపింది. చెవి దాకా లేచింది. అక్కడ ఆగింది. ఆ పిల్ల మెల్లగా ఇంకొంచెం నెట్టి చూసి వదిలేసింది.

"చాలా బాగా వచ్చింది ఆంటీ. పనులన్నీ చేసుకోవచ్చు. ఆపకుండా చేస్తే ఇది ఇలాగే ఉంటుంది. పైనున్న ఆ కొంచెం ఇక రాదు."

"ఎందుకు రాదు?" అన్నాను.

"మొదట రెండు నెలలు పోయాయి కదా అంకుల్. మధ్యలో పడ్డారు కూడా."

"ఆ మాట కాగితం మీద రాసివ్వమ్మా."

"ఎందుకు?"

"కావాలి."

ఆ పిల్ల నా వైపు, మా ఆవిడ వైపు చూసింది. రాసే ఉద్దేశం ఉన్నట్టే ఉంది, కలం తీసింది. మా ఆవిడ ఆ పిల్ల చేతి మీద చెయ్యి వేసి, "రేపొస్తాం బేటీ," అని నన్ను లేవదీసింది.

ఇంటికొచ్చాక అసలు సంగతి చెప్పింది. నాలుగో శిబిరానికి మంజూరు కావాలంటే లాభం పొందినవాళ్ళు కృతజ్ఞతాపత్రం ఇవ్వాలట. గుమాస్తా కబురు పెట్టాడు. ఆడవాళ్ళందరూ కలిసి, ఆఫీసు ఇంగ్లీషు బాగా రాసేది నేనే కనక నా చేత రాయించాలని అనుకున్నారట.

"నేనా? ఆయనకి కృతజ్ఞతా?" అన్నాను. "నేను రాయబోయేది వేరే కాయితం. డాక్టరమ్మ చీటీ జతచేసి, పోయిన రెండు నెలలకి, పోయిన ఆ కాస్త చేతికి ఎవరు జవాబుదారో అడుగుతాను."

"అడగండి. ఆ కాయితం ఆయన బల్ల మీదికెల్లినాక ఈ కాయితం మీద సంతకం పెడతాడేటి?"

"పెట్టాలి. రెండూ వేరు వేరు సంగతులు."

"మీకు వేరు. ఆయనకి ఒకటే బల్ల." పీట మీద కూర్చుని బియ్యం ఏరుతోంది; తలెత్తలేదు. "శిబిరం ఆగితే నా చెయ్యి మళ్ళీ దిగిపోద్ది. ఆ పిల్ల చెప్పింది కదా. పోయినది మీరు అడుగుతున్నారు. ఉన్నది నేను అడుగుతున్నాను."

నేను మధ్యాహ్నమంతా వరండాలో కూర్చున్నాను. తర్వాత కాగితం తీసుకుని రాశాను. గౌరవనీయులైన, దూరదృష్టిగల, సకాలంలో స్పందించిన. ఇవన్నీ నా చేత్తోనే రాశాను. చివర ఒక్క వాక్యం మాత్రం చేర్చాను: ఈ శిబిరమే రెండు నెలల ముందు మొదలై ఉంటే ఒక లబ్ధిదారు చెయ్యి పూర్తిగా లేచేదని వినయంగా మనవి చేసుకుంటున్నామని.

మా ఆవిడకి ఇంగ్లీషు రాదు. కానీ నేను ఆవిడకి బాగా వచ్చు. బడి నుంచి వచ్చిన మా అమ్మాయి చేత ఉత్తరం మొత్తం చదివించి, అర్థం చెప్పించుకుంది. ఆఖరి వాక్యం దగ్గర ఆపింది.

"అది కొట్టేయండి."

"అబద్ధమా?"

"నిజమే. కొట్టేయండి. పద్దెనిమిది మంది ఉన్నారు ఆ కాయితంలో. నా భుజం ఒక్కటే కాదు."

నేను కొట్టేయలేదు. కొట్టివేతలున్న కాగితం ఆఫీసుకి ఇవ్వకూడదు. కొత్త కాగితం తీసి, ఆ వాక్యం లేకుండా మొత్తం మళ్ళీ తిరగరాశాను. ఆవిడ అందరికంటే పైన, కుడి చేత్తో, హిందీలో సంతకం పెట్టింది. మిగతావాళ్ళ సంతకాలకి ఇల్లిల్లూ తానే తిరిగింది. మర్నాడు ఆఫీసుకి నేనిచ్చి వస్తానంటే వద్దంది. నేను వెళ్తే మాట తిన్నగా ఉండదట. తానే బస్సెక్కి వెళ్ళి, గుమాస్తాకి కాకుండా ఆఫీసరు చేతికే ఇచ్చి వచ్చింది. ఆయన చదివి, చాలా బాగా రాశారు, ఎవరు రాశారని అడిగాడట.

"ఏం చెప్పావు?"

"మా ఇంట్లో ఒక పెద్దమనిషి ఉన్నాడు అన్నాను. పేరు అడగనేదు. నేను చెప్పనేదు."

నాలుగో శిబిరం వారం లోపే మంజూరైంది. అన్ని ఉత్తరాలు రాశాను గానీ, వాటిలో వెంటనే పని జరిగింది నేను నమ్మకుండా రాసిన ఆ ఒక్కదానికే. మూడు కావస్తోంది, ఆవిడ కాపడం గుడ్డ దండెం మీద వేసి, చెప్పులు వేసుకుంటోంది.